గేర్‌బాక్సు దించే ముందు

"రెండు నుంచి మూడుకి పడేటప్పుడు గట్టిగా కొడుతోంది" అని ఆటోమేటిక్ కారు యజమాని చెప్పీ చెప్పకముందే చాలా వర్క్‌షాపుల్లో వచ్చే జవాబు ఒకటే: "బాక్సు దించాలి సార్." దించక తప్పని సందర్భాలు నిజంగానే ఉన్నాయి. దించకుండా, కింద నూనె ఉండే చాంబర్ విప్పి ఒక పూటలో ముగించగలిగేవీ ఉన్నాయి. ఈ రెండింటినీ వేరు చేయడమే అసలు విద్య. గేర్‌బాక్సు కారులో బిగించి ఉన్నప్పుడు మాత్రమే చెప్పగలిగే సంగతులు కొన్ని ఉంటాయి. లోపల నూనె ఒత్తిడి ఎంత, షాఫ్టులు ఎంత వేగంతో తిరుగుతున్నాయి, ఏ గేరులో జారుతోంది, జారేది చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా అన్నవి ఇంజను తిరుగుతుంటేనే, బండి రోడ్డు మీద నడుస్తుంటేనే తెలుస్తాయి. నేల మీదికి దిగిన బాక్సు అరిగిపోయిన ముక్కల్ని చూపిస్తుంది కానీ అవి ఎందుకు అరిగాయో చెప్పదు. కారణం తెలుసుకోకుండా ముక్కలు మార్చి ఎక్కించిన బాక్సు అదే కారణంతో మళ్లీ దిగుతుంది. అందుకే దించే ముందు అడగాల్సినవన్నీ దాన్ని అడిగేయాలి.

ముందుగా ఒక సంగతి. మన రోడ్ల మీద ఆటోమేటిక్ అని పిలిచే కార్లన్నీ ఒకే జాతివి కావు. 2014లో మారుతి సెలేరియోతో మన దేశానికి వచ్చిన ఏఎంటీ నిజానికి మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కే పనీ గేరు మార్చే పనీ మనిషి బదులు యంత్రం చేస్తుంది. సీవీటీలో మెట్లు మెట్లుగా గేర్లే ఉండవు. రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టో గొలుసో నడుస్తుంది. డీసీటీలో రెండు క్లచ్‌లు వంతులవారీగా పని చేస్తాయి. అన్నిటికంటే పాతది టార్క్ కన్వర్టర్ ఉన్న రకం. అనంతపురం వైపు పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీలో 2019లో తయారీ మొదలైన సెల్టోస్‌నే తీసుకోండి. పెట్రోలు బండికి సీవీటీ రకం, టర్బో పెట్రోలుకు డీసీటీ, డీజిలుకు టార్క్ కన్వర్టర్ ఇచ్చారు. పేరు ఒకటే అయినా లోపలి యంత్రాలు మూడు. ఒకే మోడలు కదా అని పక్కింటి కారుకి అయిన రిపేరు మన కారుకీ అదే అనుకోకూడదు. ఇక్కడ చెప్పేదంతా టార్క్ కన్వర్టర్ రకం గురించి.

నూనెతో నడిచే పట్టు

మాన్యువల్ కారులో గేరు మార్చాలంటే క్లచ్ తొక్కి ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య సంబంధం తెంచాలి. ఇక్కడ ఆ సంబంధమే నూనెతో కుదురుతుంది. టార్క్ కన్వర్టర్ అనే గుండ్రటి ఉక్కు డబ్బాలో రెక్కల చక్రాలు మూడు ఉంటాయి. ఇంజనుతో పాటు తిరిగే ఇంపెల్లర్ నూనెను బయటి అంచుకు విసురుతుంది. ఆ నూనె ఎదురుగా ఉన్న టర్బైన్ రెక్కలకు కొట్టి దాన్ని తిప్పుతుంది. టర్బైన్ నుంచి శక్తి గేర్‌బాక్సు షాఫ్టుకు వెళ్తుంది. వెనక్కి తిరిగొచ్చే నూనెను నడుమనున్న స్టేటర్ సరైన దిక్కుకు మళ్లిస్తుంది. బండి కదిలే తొలి క్షణంలో ఇంజను ఇచ్చే టార్క్ దాదాపు రెండింతలయ్యేది ఈ మళ్లింపు వల్లే. సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కి ఉంచితే టర్బైన్ ఆగుతుంది, ఇంపెల్లర్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజను ఆగిపోదు. వేగం అందుకున్నాక నూనె జారుడులో ఇంధనం వృథా కాకుండా లోపలే ఉన్న లాకప్ క్లచ్ రెండింటినీ కలిపి పట్టేస్తుంది.

జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో ఓడల కోసం పేటెంటు తీసుకున్న ఆలోచన ఇది. కార్లలోకి ఆటోమేటిక్ పెద్ద ఎత్తున వచ్చింది అమెరికాలో. జనరల్ మోటార్స్ తన హైడ్రామాటిక్‌ను 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లో పెట్టింది. అందులో ఉన్నది టార్క్ పెంచని సాదా నూనె జోడింపు. అసలైన టార్క్ కన్వర్టర్ 1948 మోడల్ బ్యూక్‌లో డైనాఫ్లో పేరుతో వచ్చింది.

కన్వర్టర్ వెనక ప్లానెటరీ గేర్లుంటాయి. నడుమ సన్ గేరు, దాన్ని కరుచుకుని చుట్టూ తిరిగే చిన్న ప్లానెట్ గేర్లు, వాటి చుట్టూ లోపలి వైపు పళ్లున్న రింగ్ గేరు. సన్, ప్లానెట్లను మోసే క్యారియర్, రింగ్ ఈ మూడింటిలో దేన్ని తిప్పుతున్నాం, దేన్ని కదలకుండా పట్టుకున్నాం అన్నదాన్ని బట్టి మూడోదాని వేగమూ దిశా మారతాయి. పళ్లు ఎప్పుడూ కలిసే ఉంటాయి. అంటే ఇక్కడ గేరు మారడమంటే పట్టు ఒకచోట వదిలి ఇంకోచోట పట్టడమే. ఆ పట్టు పట్టేవి క్లచ్ ప్యాకులు. ఒక ఉక్కు పలక, ఒక రాపిడి పలక చొప్పున పేర్చి ఉంటాయి. రాపిడి పలక మీది పూత ఎక్కువగా కాగితపు పీచుతో చేసి జిగురుతో అతికించినదే. నూనె ఒత్తిడి పిస్టన్‌ను నెట్టగానే పలకలన్నీ బిగుసుకుని ఒక్కటవుతాయి. ఏ దారిలో ఎంత ఒత్తిడి ఎప్పుడు పంపాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. సోలినాయిడ్లు ఆ ఆజ్ఞను అందుకుంటే, సన్నని దారులు తొలిచిన అల్యూమినియం దిమ్మె అయిన వాల్వ్ బాడీ దాన్ని అమలు చేస్తుంది.

నూనెని ముందు చూడాలి

పట్టంతా నూనెదే కాబట్టి పరీక్ష కూడా నూనెతోనే మొదలవ్వాలి. ఏటీఎఫ్ అనే ఈ నూనె మట్టం చూడటం ఇంజన్ ఆయిల్ చూసినంత తేలిక కాదు. వేడెక్కితే ఉబ్బుతుంది గనుక ఫలానా ఉష్ణోగ్రత దగ్గరే చూడాలని కంపెనీలు చెబుతాయి. జర్మనీ కంపెనీ జెడ్‌ఎఫ్ 6 గేర్ల బాక్సులో ఇంజను తిరుగుతూ నూనె 30 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు చూడాలి. ఇప్పటి కార్లలో చాలావాటికి డిప్‌స్టిక్కే ఉండదు. కింద చిన్న ప్లగ్ విప్పితే సన్నని ధార కారి, చుక్కలుగా మారాలి. అదే సరైన మట్టం. మట్టం తగ్గితే పంపు గాలి పీలుస్తుంది, ఒత్తిడి పడిపోతుంది, క్లచ్‌లు జారతాయి. మరీ ఎక్కువైతే తిరిగే గేర్లు నూనెను చిలికి నురగ చేస్తాయి, ఫలితం మళ్లీ అదే. సీలు దగ్గర లీకై లీటరు నూనె పోయిన కారుకి బాక్సు దించేయడం కంటే అన్యాయం ఉండదు.

ఆ తర్వాత రంగు, వాసన. నల్లబడి మాడు వాసన వస్తే క్లచ్ పూత కాలిందని అర్థం. నూనె చిక్కబడి పాలు కలిపిన గులాబీ రంగులోకి మారితే రేడియేటర్ లోపలున్న కూలర్ చిల్లుపడి కూలెంట్ వచ్చి కలిసిందని. ఇది అన్నిటికంటే చెడ్డ కబురు. కాగితపు పూత నీటిని పీల్చుకుంటుంది, జిగురు వదిలేస్తుంది, పూత పొరలుగా ఊడిపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలా మునిగిన ఆటోమేటిక్ కార్లకీ ఇదే ముప్పు. గేర్‌బాక్సుకి ఊపిరి తీసుకోవడానికి పైన బ్రీదర్ అనే చిన్న గొట్టం ఉంటుంది. నీళ్లు అక్కడిదాకా వస్తే లోపలికి దిగుతాయి. అలాంటి బండిని స్టార్ట్ చేసి నడిపి చూడటమే పెద్ద తప్పు. ముందు నూనె తీసి చూడాలి.

ఈ నూనెకి తన చరిత్ర తనకుంది. ఒకప్పుడు ఏటీఎఫ్‌లో స్పెర్మ్ తిమింగిలం నూనె కలిపేవారు. క్లచ్ పలకలు కుదుపు లేకుండా మెత్తగా పట్టడానికి అంత బాగా పనికొచ్చే పదార్థం అప్పట్లో ఇంకోటి దొరకలేదు. 1970ల మొదట్లో అమెరికా తిమింగిలం ఉత్పత్తుల్ని నిషేధించాక రసాయన శాస్త్రజ్ఞులు దానికి బదులు వెతుక్కోవాల్సి వచ్చింది. ఇవాళ డబ్బా మీద రాసి ఉండే ప్రమాణాల వెనక ఉన్నది ఆ వెతుకులాటే. అందుకే కంపెనీ చెప్పిన రకం కాకుండా ఏదో ఒక ఎర్ర నూనె పోస్తే, కొత్త బాక్సు కూడా నెలల్లో వణకడం మొదలుపెట్టవచ్చు.

ఏ గేరులో జారుతోంది?

స్కానర్ పెట్టగానే కోడ్ చెరిపేసి "ఇప్పుడు చూడండి" అనే అలవాటు మానాలి. కోడ్‌తో పాటు అది పడిన క్షణాన వేగం, ఉష్ణోగ్రత, ఇంజను లోడు ఎంతున్నాయో కంప్యూటర్ దాచి ఉంచుతుంది. చెరిపితే ఆ సాక్ష్యం పోతుంది. పి0700 అంటే "గేర్‌బాక్సు కంప్యూటర్‌లో ఏదో కోడ్ ఉంది, వెళ్లి చూడు" అని మాత్రమే. పి0733 అంటే మూడో గేరులో నిష్పత్తి తప్పిందని. పి0741 అంటే లాకప్ క్లచ్ పట్టాల్సినప్పుడు పట్టలేదని. కోడ్ చెప్పేది ఎక్కడ వెతకాలో. ఏ ముక్క పోయిందో అది చెప్పదు.

అసలు పట్టుబడేది బండి నడుస్తూ ఉండగా స్కానర్‌లో కనిపించే అంకెల్లో. ఒక ఉదాహరణ పట్టుకుని చూద్దాం. జపాన్‌లో అంజో కేంద్రంగా పనిచేసిన ఐసిన్ ఏడబ్ల్యూ కంపెనీ టీఎఫ్-80ఎస్‌సీ అనే 6 గేర్ల బాక్సు చేసింది. వోల్వో సహా చాలా కంపెనీల ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో అది ఉంది. దాని మూడో గేరు నిష్పత్తి 1.556. బయటికొచ్చే షాఫ్టు నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే లోపలికొచ్చేది 3112 చుట్లు తిరగాలి. 3400 చూపించిందా, దాదాపు 290 చుట్లు ఎక్కడో జారిపోతున్నాయి. డ్రైవరు కాలికీ చెవికీ ఇంకా తెలియకముందే ఆ జారుడు అంకెల్లో కనిపిస్తుంది.

ఇక నాకు ఈ మొత్తం విద్యలో అన్నిటికంటే ముందు నేర్పాలనిపించే భాగం. ఈ బాక్సులో క్లచ్‌లు మూడు: సీ1, సీ2, సీ3. కదలకుండా పట్టే బ్రేకులు రెండు: బీ1, బీ2. మొదటి గేరులో సీ1, దానికి తోడు ఒక వైపే తిరిగే వన్‌వే క్లచ్ పని చేస్తాయి. రెండులో సీ1, బీ1. మూడులో సీ1, సీ3. నాలుగులో సీ1, సీ2. అయిదులో సీ2, సీ3. ఆరులో సీ2, బీ1. రివర్స్‌లో సీ3, బీ2. జెడ్‌ఎఫ్ 2001 నుంచి చేసిన 6 గేర్ల బాక్సులోనూ అక్షరాలు వేరు గానీ అమరిక ఇదే. ఫ్రెంచి ఇంజనీరు లెపెల్టియే వేసిన పథకం అది.

ఇప్పుడు యజమాని ఫిర్యాదును ఈ పట్టిక పక్కన పెట్టండి. మూడులో, అయిదులో జారుతోంది, రివర్స్ ఆలస్యంగా పడుతోంది, మిగతావన్నీ బాగున్నాయి అన్నాడు. మూడింటిలోనూ ఉన్నది సీ3 ఒక్కటే. రెండు, ఆరు మాత్రమే చెడితే బీ1. నాలుగు, అయిదు, ఆరు మూడూ పోతే సీ2. బండి ముందుకే కదలక, రివర్స్ మాత్రం శుభ్రంగా పడితే సీ1. అన్ని గేర్లూ ఒకే తీరుగా జారుతుంటే అన్ని క్లచ్‌లూ ఒకేసారి పోయాయనుకోవడం కంటే నూనె మట్టం, ఫిల్టరు, పంపు, ఒత్తిడి మీద అనుమానపడటం న్యాయం. ఒక్క బోల్టు విప్పకుండా, కాగితం మీద గీసిన చిన్న పట్టికతో నేరస్థుడి ఇంటి దాకా వెళ్లొచ్చు. మీ కారు బాక్సుకి పట్టిక వేరేగా ఉండొచ్చు. అది ఆ బాక్సు సర్వీసు మాన్యువల్‌లో తప్పకుండా ఉంటుంది. ఆ పేజీ తెరిచి చూసే మెకానిక్ దగ్గరే బండి ఇవ్వాలని నా పట్టుదల.

ఇంటి దాకా వెళ్లాం, లోపల ఉన్నది ఎవరో తేలాలి. సీ3 సరిగ్గా పట్టకపోవడానికి దాని సోలినాయిడ్ కారణం కావచ్చు, వాల్వ్ బాడీలో అరిగిన వాల్వ్ కావచ్చు, పిస్టన్ రబ్బరు సీలు కావచ్చు, పలకల పూతే అయిపోయి ఉండవచ్చు. మొదటి రెండింటికీ బాక్సు దించనక్కర్లేదు. ఈ ఐసిన్ బాక్సులో వాల్వ్ బాడీ ముందు వైపు మూత వెనక ఉంటుంది. దాన్ని కారులోనే విప్పి తీయొచ్చు. తీశాక క్లచ్‌లకు నూనె వెళ్లే రంధ్రాలు బయటపడతాయి. సీ3 రంధ్రానికి రబ్బరు ముక్కున్న ఎయిర్ గన్ ఆనించి రెండు మూడు బార్ల గాలి వదలాలి. లోపల పిస్టన్ కదిలి పలకలు బిగుసుకుంటే "దబ్" మని బరువైన చప్పుడు వస్తుంది, కేసింగ్ మీద చెయ్యి పెడితే తెలుస్తుంది. గాలి తీసేస్తే పిస్టన్ వెనక్కి వస్తుంది. చప్పుడు లేకుండా "స్స్" మని గాలి పోతూనే ఉంటే సీలు పోయింది. అప్పుడు దించాల్సిందే, ఇంక సందేహం లేదు. ఇంత ఖచ్చితంగా తీర్పు చెప్పే పరీక్షని చాలామంది వదిలేస్తున్నారంటే నాకు బాధగానే ఉంటుంది.

చాంబర్ విప్పినప్పుడు అడుగున ఉండే అయస్కాంతాన్నీ చూడాలి. దాని మీద కాటుకలా మెత్తటి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంటే అది సహజమైన అరుగుదల, భయపడనక్కర్లేదు. వేళ్ల మధ్య రుద్దితే గరుకుగా ఉక్కు ముక్కలు తగిలితే బేరింగో గేరో విరుగుతోంది. అడుగు నూనెలో పసుపు మెరుపు కనిపిస్తే బుష్‌ల ఇత్తడి. నల్లటి పీచు అడుగున పేరుకుంటే అది క్లచ్ పూత.

బాక్సు తప్పు కాని తప్పులూ చాలా ఉన్నాయి. ఇంజనులో ఒక సిలిండరు మిస్ కొడితే వచ్చే వణుకు అచ్చం లాకప్ వణుకులాగే అనిపిస్తుంది. 60–80 కిలోమీటర్ల వేగంలో యాక్సిలరేటర్ నిలకడగా ఉంచినప్పుడు వణికితే, మెకానిక్ బ్రేకు లైటు వెలిగేంత మాత్రమే పెడల్ నొక్కి చూస్తాడు. లాకప్ వెంటనే విడిపోతుంది. వణుకు ఆగితే కన్వర్టర్ వైపు, ఆగకపోతే ఇంజను వైపు వెతకాలి. చిరిగిన ఇంజన్ మౌంటింగు, బలహీనమైన బ్యాటరీ, నూనె ఎక్కిన కనెక్టర్ పిన్ను కూడా గేర్‌బాక్సు మీద నిందలు వేయిస్తాయి. ఒత్తిడి గేజి పెట్టి చూడటం, బ్రేకు తొక్కి పట్టి ఫుల్ యాక్సిలరేటర్‌తో ఇంజను ఎన్ని చుట్ల దాకా వెళ్తుందో (స్టాల్ వేగం) చూడటం కూడా పరీక్షలే. అయితే స్టాల్ పరీక్ష అయిదు సెకన్లు దాటకూడదు. ఆ కాసేపట్లో ఇంజను శక్తంతా నూనెను కాచడానికే పోతుంది.

దించడం

ఇన్ని పరీక్షలయ్యాక కూడా దించాలనే తేలితే దాన్ని ఒక పద్ధతిలో దించాలి. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారే తీసుకుందాం. ముందు బ్యాటరీ నెగెటివ్ తీయాలి. నూనెను కొలతలున్న డబ్బాలోకి దించితే ఎంత వచ్చిందో తెలుస్తుంది. అదీ ఒక సాక్ష్యమే. కనెక్టర్లు, గేరు కేబుల్, కూలర్ పైపులు విప్పి పైపుల మూతులు మూసేయాలి. చక్రాల వైపు హబ్ నట్టు, లోయర్ ఆర్మ్ బాల్ జాయింటు వదులు చేసి డ్రైవ్ షాఫ్టుల్ని బయటికి లాగాలి. వాటిని గాలిలో వేలాడనిస్తే లోపలి జాయింటు పాడవుతుంది, తాడుతో కట్టి ఉంచాలి. ఇంజనూ బాక్సూ కలిసే మౌంటింగుల మీద కూర్చుంటాయి గనుక, బాక్సు వైపు మౌంటింగు తీసే ముందు పైనుంచి అడ్డకడ్డీ వేసి ఇంజనును వేలాడదీయాలి. చాలా కార్లలో కింద సబ్‌ఫ్రేమ్ కూడా దిగాలి. అందుకోసం స్టీరింగ్ జాయింటు విడదీసినప్పుడు స్టీరింగ్ తిరగకుండా కట్టేయాలి. స్వేచ్ఛగా తిరిగితే లోపలున్న ఎయిర్‌బ్యాగ్ తీగచుట్ట తెగిపోతుంది. గేర్‌బాక్సు రిపేరుకి వెళ్లిన కారు ఎయిర్‌బ్యాగ్ లైటుతో తిరిగి రావడం ఇలాగే. పాత ఇన్నోవా లాంటి వెనక చక్రాల బండ్లలో ఈ తంటా తక్కువ. ప్రొపెల్లర్ షాఫ్టు, క్రాస్ మెంబర్ తీస్తే బాక్సు వెనక్కి జారుతుంది.

సెల్ఫ్ మోటార్ తీస్తే దాని కంతలోంచి ఫ్లెక్స్ ప్లేటు కనిపిస్తుంది. ఇంజనుకి కన్వర్టర్‌ను కట్టిన బోల్టులు అక్కడే ఉంటాయి. ఒక్కసారికి ఒక్కటే కనిపిస్తుంది. అది విప్పాక క్రాంక్ పుల్లీ నట్టుకి పానా వేసి ఇంజనును తిరిగే దిశలోనే తిప్పితే రెండోది కంత ఎదుటికి వస్తుంది. ఒక్క బోల్టు మరిచినా బాక్సుని లాగినప్పుడు కన్వర్టర్ ఇంజనుకే అంటుకుని ఉండిపోతుంది, పంపు సీలు చిరుగుతుంది. బాక్సుని ఇంజనుకి కలిపే బెల్ హౌసింగ్ బోల్టులు ఒకే పొడవులో ఉండవు. ఒక అట్టముక్క మీద వృత్తం గీసి ఏ చోటుది ఆ చోట గుచ్చి పెట్టుకునే మెకానిక్కుల్ని గౌరవించాలి. పొడవు బోల్టు పొట్టి చోట బిగిస్తే అల్యూమినియం పగులుతుంది.

6 గేర్ల ఫ్రంట్ వీల్ బాక్సు బరువు 80 కిలోల దరిదాపు. గేర్‌బాక్సు జాకీ మీద బెల్టు కట్టి, ఇంజను నుంచి వేలెడు దూరం విడగొట్టాక ఆగి, కన్వర్టర్ బాక్సుతోనే వస్తోందో లేదో చూడాలి. వస్తుంటే దాన్ని వెనక్కి నొక్కి, హౌసింగ్ మూతికి అడ్డంగా తీగ కట్టాలి. అది కట్టకుండా బాక్సును ముందుకు వంచితే కన్వర్టర్ జారి కాళ్ల మీద పడుతుంది.

విప్పి బాగుచేయడం వేరే వ్యాసానికి సరిపడే సంగతి. కొత్త రాపిడి పలకల్ని బిగించే ముందు ఏటీఎఫ్‌లో నానబెట్టాలని, ప్రతి ప్యాకులో ఖాళీని ఫీలర్ గేజితో కొలవాలని మాత్రం గుర్తుంచుకుంటే చాలు.

ఎక్కించేటప్పుడు ప్రాణం కన్వర్టర్ కూర్చోవడంలో ఉంది. అది మూడు చోట్ల కుదరాలి. స్టేటర్ లోపలి గాళ్లు దాన్ని మోసే షాఫ్టు మీద, టర్బైన్ గాళ్లు గేర్‌బాక్సు షాఫ్టు మీద, చివరికి కన్వర్టర్ మెడ మీది గాడి పంపు పళ్లలో పడాలి. రెండు చేతులతో పట్టుకుని కొద్దిగా నొక్కుతూ మెల్లగా తిప్పుతుంటే ఒక్కో చోటా "టక్" మంటూ లోపలికి దిగుతుంది. తొందరపడే చెయ్యి రెండో "టక్" దగ్గరే ఆగిపోతుంది. చూపుకి కూర్చున్నట్టే ఉంటుంది. అందుకే హౌసింగ్ అంచుకి అడ్డంగా స్కేలు పెట్టి కన్వర్టర్ ఎంత లోతున ఉందో కొలిచి మాన్యువల్‌లో అంకెతో పోల్చాలి. పూర్తిగా దిగకుండా బిగిస్తే పంపు నలిగిపోతుంది. పగిలిన సంగతి ఇంజను స్టార్ట్ చేశాకే తెలుస్తుంది. బాక్సూ ఇంజనూ చేత్తో నెడితేనే అంచుకి అంచు కలవాలి. కలవకపోతే బోల్టులతో లాగకూడదు, వెనక్కి తీసి మళ్లీ చూడాలి. రెండింటినీ ఒకే గీతలో ఉంచే డోవెల్ పిన్నులు పాతవి ఊడి ఎక్కడో పడి ఉంటాయి. వాటిని వెతికి పెట్టాకే బిగించాలి. లేకపోతే సీలు లీకవుతుంది, ఫ్లెక్స్ ప్లేటు పగుళ్లిస్తుంది.

ఆఖర్న అందరూ మరిచేది కూలర్. పాత బాక్సులో ఊడిన పూత, లోహపు పొడి అందులోనూ పైపుల్లోనూ పేరుకుని ఉంటాయి. శుభ్రం చేయకుండా, లేదా మార్చకుండా కొత్త బాక్సు బిగిస్తే ఆ చెత్తంతా మొదటి రోజే లోపలికి వస్తుంది. బాక్సు ఎక్కించాక కంప్యూటర్‌లో పాత అరుగుదలకి తగ్గట్టు నేర్చుకున్న లెక్కలు చెరిపి, కంపెనీ చెప్పిన పద్ధతిలో బండి నడిపి కొత్త క్లచ్‌లకి మళ్లీ నేర్పించాలి. ఆ పని చేయని బాక్సు బాగున్నా కొడుతూనే ఉంటుంది.

దించడానికి సరే అనేముందు యజమాని అడగాల్సినవి ఇవి: కోడ్‌లు చెరపకముందు రాసిన కాగితం, విప్పిన చాంబర్, అయస్కాంతం నా కళ్లతో చూడాలి. కూలర్ సంగతి బిల్లులో రాయాలి. మంచి మెకానిక్ ఈ ప్రశ్నలకి నొచ్చుకోడు. అమెరికాలో ఉన్న మనవాళ్లకీ ఇదే మాట. అక్కడ దాదాపు ప్రతి కారూ ఆటోమేటిక్, బిల్లు ఇక్కడికంటే పెద్దది.

ఇక బాక్సు ఇంకా బాగున్నవాళ్లకి. గేర్‌బాక్సు నూనె జీవితాంతం మార్చనక్కర్లేదని కార్ల కంపెనీలు కొన్ని చెబుతాయి. కానీ ఆ బాక్సుల్ని తయారు చేసే జెడ్‌ఎఫ్ మాత్రం తన వాటికి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకు, లేదా 8 ఏళ్లకు మార్చమంటుంది. మన ఎండ, మన ట్రాఫిక్ చూస్తే నేను ఆ తక్కువ అంకెనే నమ్ముతాను. మీ బండి 80,000 దాటి ఉంటే సర్వీసు రికార్డు తీసి ఏటీఎఫ్ ఎప్పుడు మార్చారో చూడండి. ఎప్పుడూ మార్చలేదని తేలితే, మెషీన్ పెట్టి ఒత్తిడితో కడిగించకుండా, నూనె దించి, వీలున్నచోట ఫిల్టరు మార్చి, కంపెనీ చెప్పిన రకమే పోయించండి.